చెయ్యి అందని వేళ

భీమునిపట్నం,
మే 20

అప్పలరాజూ,

నిన్న సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు వెనకాల సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఈలోగా బోటుకి పుచ్చిన చెక్కలు మార్పించాలి, రంగులు వేయించాలి, ఇంజను విప్పించాలి, బ్యాంకు వాయిదా చూసుకోవాలి. అంత హడావిడిలోనూ గుర్తుపెట్టుకుని "మావయ్యా, ఆపదలో పిలుపు పంపే బీకన్ ఏది కొనమంటావు?" అని అడిగావు. ఆ మాటకి రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. హార్బర్‌లో బోట్లు కొన్నవాళ్లని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఇంజను ఎన్ని గుర్రాలదని అడుగుతారు, ఐసు ఎంత పడుతుందని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో నా ఎరుకలో నువ్వే మొదటివాడివి. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. చదివాక పారెయ్యకు. ప్లాస్టిక్ కవరులో పెట్టి కేబిన్‌లో ఉంచు, మీ డ్రైవరు చేత కూడా చదివించు.

నువ్వు చెప్పినవి నాలుగు మాటలు. షాపులో సగం ధరకి చూపించిన పాత ఈపర్బ్ (బోటుకి బిగించే బీకన్) ఒకటి. ప్రభుత్వం ఇచ్చిన డాట్ పెట్టె ఉండగా మళ్లీ ఇంకోటెందుకన్న పక్క బోటు ఓనరు మాట ఒకటి. జేబులో పట్టే చిన్న బీకన్ పీఎల్‌బీ చాలన్న నీ స్నేహితుడి సలహా ఒకటి. దుబాయ్‌లో ఉన్న మీ బావ పంపిస్తానన్న శాటిలైట్ ఫోను ఒకటి. ఆ చివరిదాన్ని ఇక్కడే పక్కన పెట్టేద్దాం. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను వాడటం మన దేశంలో నేరం. తెలియక తెచ్చుకుని కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. మీ బావకి వద్దని చెప్పు.

మిగతావాటి సంగతికి వచ్చేముందు నీకొక గడియారం గురించి చెప్పాలి. నేను ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేరిన కొత్తలో మా రేడియో గది గోడకి ఒక గుండ్రటి ఇత్తడి గడియారం ఉండేది. దాని ముఖం మీద రెండుచోట్ల ఎర్రరంగు, కోసిన పుచ్చకాయ బద్దల్లాగా. 15 నుంచి 18 నిమిషాల దాకా ఒక బద్ద, 45 నుంచి 48 దాకా ఇంకో బద్ద. పెద్దముల్లు ఆ ఎరుపులోకి రాగానే మోర్స్ కీ మీద నుంచి చెయ్యి తీసెయ్యాలి. ఏ సముద్రంలో ఉన్న ఓడైనా సరే, ఆ మూడు నిమిషాలూ 500 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడకూడదు. వినాలి. ఎక్కడో ఎవరో నీరసంగా పిలుస్తున్నారేమోనని చెవి ఒగ్గి కూర్చోవాలి. చాలాసార్లు హెడ్‌ఫోన్లలో గరగర తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ గరగరనే ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల మీద ఆ మోర్స్ కాపలా అక్కర్లేకుండా పోయింది. వినే చెవి మాత్రం పోలేదు, ఆకాశానికెక్కింది. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద ఒకటి క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లోనే, 1979లో, ఆ రెండూ కెనడా, ఫ్రాన్స్‌లతో కలిసి ఆపదలో ఉన్నవాళ్ల పిలుపు వినడానికి ఒప్పందం చేసుకున్నాయి. దాని పేరు కోస్పాస్-సార్సాట్. మొదటి ఉపగ్రహం 1982 జూన్‌లో సోవియట్ వాళ్లు పంపారు. ఆ సెప్టెంబరులోనే కెనడా కొండల్లో కూలిన చిన్న విమానంలోని ముగ్గుర్ని ఆ పిలుపు బతికించింది. మన దేశమూ అందులో ఉంది. బెంగళూరులో ఇస్రో వాళ్ల ఇస్ట్రాక్ కేంద్రంలో రాత్రీ పగలూ ఆ చెవి తెరిచే ఉంటుంది. నువ్వు కొనబోయే ఈపర్బ్ మాట్లాడేది ఆ చెవితోనే, 406 మెగాహెర్ట్జ్ మీద.

మీ పెద్దమావయ్య సంగతి మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. పూర్తిగా చెప్పి ఉండదు. 1996 నవంబరు 6న కోనసీమని తుఫాను కొట్టినప్పుడు అన్నయ్య కాకినాడ బోటు మీద వేటలో ఉన్నాడు. ఆ బోటు రాలేదు. అందులోవాళ్లు రాలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. నేనప్పుడు అట్లాంటిక్‌లో ఉన్నాను. 1993 ఆగస్టు 1 నుంచి మా ఓడలాంటి పెద్ద ఓడలన్నిటికీ ఉపగ్రహ బీకన్ తప్పనిసరి చేశారు. నెలకోసారి పైడెక్కు మీదకెళ్లి దాన్ని తుడిచి, టెస్టు చేసి, లాగ్ బుక్కులో సంతకం పెట్టడం నా పని. అన్నయ్య వార్త వచ్చిన వారం కూడా ఆ పని చేశాను. మేం ఇరవై అయిదుగురం, మాది ఇనప ఓడ, మాకు బీకన్. వాళ్లు ఏడుగురు, చెక్క బోటు, వాళ్లకి ఒక ట్రాన్సిస్టరు. బీకన్ ఉంటే బతికేవాళ్లని నేననను. ఆ గాలిలో హెలికాప్టరు ఎగరదు. గాలి తగ్గాకైనా ఎక్కడ వెతకాలో తెలిసేది. మా అమ్మ పోయేదాకా నన్నడిగింది, "నువ్వు రేడియోలో ఉన్నావు కదరా, వాడు ఏ దిక్కున పోయాడో తెలీదా?" అని.

అందుకే నీ ప్రశ్నకి నా జవాబు ఒక్కటే. చెయ్యి అందని వేళకి పనికొచ్చేది కొను. మిగతాదంతా దాని వివరమే.

బోటు ఎలా పోతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. వల అడుగున రాతికి పట్టేసి, ఇంజను లాగుతూనే ఉండి, వెనకభాగం నీళ్లలోకి వంగిపోతుంది. లేదా రాత్రి అందరూ పడుకున్నాక దారిలో వెళ్లే ఓడ గుద్దేస్తుంది, గుద్దినట్టు ఆ ఓడకి తెలియను కూడా తెలియదు. లేదా అగ్గి. 2023 నవంబరు 19 రాత్రి మన విశాఖ హార్బర్‌లో మంటలు లేస్తే, ఒడ్డున కట్టి ఉన్న బోట్లనే తాళ్లు విప్పి పక్కకి లాగడానికి టైము చాలలేదు. నడిసముద్రంలో ఇక చూసుకో. వీటిల్లో దేనికీ "ఆగు, కేబిన్‌లోకి వెళ్లి పెట్టె తాళం తీసి, బటన్ నొక్కి వస్తాను" అనే వ్యవధి ఉండదు.

ఈపర్బ్‌లు రెండు రకాలు. ఒకటి మామూలు కొక్కేనికి తగిలించేది, మనమే చేత్తో తియ్యాలి. ఇంకోటి పెట్టెలో ఉండి, బోటు మునిగితే తనంతట తనే విడిపోయి పైకి తేలేది. నీకు రెండోదే కావాలి. దాని లోపల హైడ్రోస్టాటిక్ రిలీజ్ అని అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల ఉంటుంది. అందులో బిగించిన స్ప్రింగు, దాని కొసన చిన్న కత్తి. బోటు మునిగి ఆ బిళ్ల ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకి దిగేలోపు నీటి ఒత్తిడి లోపలి పొరని నొక్కుతుంది, స్ప్రింగు వదులుతుంది, కత్తి ప్లాస్టిక్ మేకుని టక్కున తెంపుతుంది. మూత ఎగిరిపోతుంది. బీకన్ పైకి తేలి, నీరు తగలగానే తనే మొదలెడుతుంది. ఆ బిళ్లకి బ్యాటరీ లేదు, తీగ లేదు, మనిషి చెయ్యి అక్కర్లేదు. నీళ్ల బరువే పని చేస్తుంది. నా సర్వీసులో అంత నమ్మకంగా అనిపించిన పనిముట్టు మరొకటి లేదు.

కానీ దాన్ని కూడా మనవాళ్లు ఏం చేస్తారో చెప్తాను. పోయిన ఏడాది ఇదే నిషేధంలో స్లిప్‌వే మీదకి లాగిన ఒక బోటు చూశాను. కేబిన్ పక్కన బీకన్ పెట్టె ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ నైలాన్ తాడు, నాలుగు చుట్లు, వల కుట్టే చేతుల గట్టి ముడి. "ఎవరైనా ఎత్తుకుపోతారని కట్టామండీ" అన్నాడు కళాసీ. పైగా బోటుతోపాటు దానికీ నీలం రంగు కొట్టేశారు. గోరుతో గీకి చూస్తే బిళ్ల మీద గడువు తేదీ బయటపడింది. అయిపోయి ఏడాది దాటింది. ఆ బోటు మునిగి ఉంటే మేకు తెగినా మూత లేవదు, మూత లేచినా తాడు వదలదు. బీకన్ బోటుతోపాటే అడుక్కి పోతుంది. ఆ కుర్రాణ్ని తిట్టలేదు, వాడికెవరూ చెప్పలేదు. చాకు తీసుకుని ఇద్దరం కలిసి తాడు కోసేశాం.

బీకన్‌తోపాటు సన్నటి తాడొకటి వస్తుంది. అది బోటుకి కట్టడానికి కాదు. నీళ్లలో పడ్డాక నువ్వు పట్టుకున్న తెప్పకో, డ్రమ్ముకో, లైఫ్ జాకెట్‌కో కట్టుకోవడానికి. బీకనూ మనుషులూ ఒకేచోట కొట్టుకుపోవాలి.

ఎక్కడ బిగించాలి? కేబిన్ పైన, ఒక పక్కగా, పైన కప్పు లేనిచోట. పెట్టెకి నేరుగా పైన ఆకాశం తప్ప మరేదీ ఉండకూడదు. ట్రాల్ తాళ్లు లాగే వించికి దూరంగా, జెండా కర్రలకి తగులుకోకుండా చూడు. వడ్రంగి చేతికి వదిలెయ్యకు, నేనొచ్చి చూసి గీత గీస్తాను.

ఇక జీపీఎస్ సంగతి. ఇది లేకుండా వస్తే ఎంత చవకైనా తీసుకోకు. బీకన్ సుమారు 50 సెకన్లకోసారి, అర సెకను పాటు, 5 వాట్ల బలంతో అరుస్తుంది. జీపీఎస్ లేని బీకన్ అరుపులో తన నంబరు ఉంటుంది, చోటు ఉండదు. చోటుని ఉపగ్రహాలే లెక్కగట్టుకోవాలి. రైలు కూత దగ్గరికొస్తుంటే ఒక రకంగా, దూరమవుతుంటే ఒక రకంగా వినబడుతుంది కదా, ఆ తేడాని బట్టి కట్టే లెక్క. పాత పద్ధతిలో అది సుమారు అయిదు కిలోమీటర్ల అటూ ఇటూగా తేలేది. అయిదు కిలోమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం గియ్యి, దాదాపు 78 చదరపు కిలోమీటర్ల సముద్రం వస్తుంది. అందులో కొబ్బరికాయంత తలలు ఏడో ఎనిమిదో, అలల మధ్య, చీకట్లో. జీపీఎస్ ఉన్న బీకన్ అయితే వంద మీటర్ల చుట్టుపక్కలే చూపిస్తుంది. వంద మీటర్లంటే కేక వినబడే దూరం.

2015 అక్టోబరు 1న బహామాస్ దగ్గర హరికేన్‌లో ఎల్ ఫారో అనే అమెరికా సరుకు ఓడ మునిగి 33 మంది పోయారు. దాని బీకన్ పలికింది, ఉపగ్రహం వింది కూడా. ఆ బీకన్‌లో జీపీఎస్ లేదు. పిలుపు అందింది, చోటు అందలేదు. అంత పెద్ద ఓడకే ఆ గతి పట్టిందని చదివిన రోజు నాకు మళ్లీ అమ్మ ప్రశ్న గుర్తొచ్చింది.

ఇప్పుడు వినే ఉపగ్రహాలూ పెరిగాయి. 20,000 కిలోమీటర్లకి పైబడిన ఎత్తున తిరిగే జీపీఎస్, గెలీలియో ఉపగ్రహాల మీద కూడా ఈ పరికరాలు పెడుతున్నారు. మునుపటిలా ఉపగ్రహం నెత్తిమీదకి వచ్చేదాకా గంటా గంటన్నరా కాచుకోనక్కర్లేదు. కొన్ని కొత్త మోడళ్లలో "నీ పిలుపు అందింది" అని జవాబుగా చిన్న నీలిదీపం వెలుగుతుంది. నీళ్లలో ఉన్నవాడికి ఆ దీపం ఏమిటో ఒడ్డునున్నవాడు ఊహించలేడు. అది ఉంటే మంచిదే, లేకపోయినా ఫరవాలేదు. ఏఐఎస్ ఉన్నది మాత్రం దొరికితే తీసుకో. ఉపగ్రహం పిలుపు బెంగళూరు చుట్టి రావాలి. ఏఐఎస్ పిలుపు మూడు నాలుగు మైళ్లలో వేటాడుతున్న బోటు తెరమీద నేరుగా కనబడుతుంది. మన సముద్రంలో ముందు వచ్చి లాగేది పక్క బోటువాడే. ఒక జాగ్రత్త: వలల బోయాలకి కట్టే ఏఐఎస్ దీపాల్ని కూడా కొందరు బీకన్ అని అమ్ముతున్నారు. అవి ఉపగ్రహంతో మాట్లాడవు. వాటిమీద ప్రాణం పెట్టుకోకు.

పక్క బోటు ఓనరు మాటకి వస్తాను. డాట్ ఉండగా ఇంకోటెందుకని అడిగాడు. ఆయన్ని తప్పుపట్టలేం. డాట్ మనకోసం మనవాళ్లు చేసింది. 2010 నుంచి వాడుకలో ఉంది, ఇరవై వేలకి పైగా బోట్లలో ఉంది. బటన్ నొక్కితే మన ఉపగ్రహం మీదుగా కోస్ట్ గార్డుకి కబురు వెళ్తుంది. 2024లో ఇస్రో చెప్పిన రెండో తరం డాట్ ఇంకా మేలు. అందులో చోటు చూపే మన నావిక్ ఉంది, బ్లూటూత్‌తో సెల్‌ఫోనుకి కలుస్తుంది, పిలుపు అందిందని తిరిగి జవాబిస్తుంది, తుఫాను హెచ్చరికలూ దాని మీదే వస్తాయి. అదే ఏడాది నుంచి నభ్‌మిత్ర ట్రాన్స్‌పాండర్లూ ఇస్తున్నారు. అవి రెండువైపులా చిన్న సందేశాలు పంపుకోవడానికి. ఇంజను ఆగిపోతే, కళాసీకి గుండెనొప్పి వస్తే, వాయుగుండం ఎటు తిరిగిందో తెలియకపోతే, వాటిని మించినవి లేవు. ఒడ్డు దాటి పదిహేను ఇరవై కిలోమీటర్లు పోతే సెల్‌ఫోను మూగబోతుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో ఇంకొంత దూరం వస్తుంది, అంతే. మీరు వెళ్లేది దానికి ఎంతో అవతలికి. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను వచ్చినప్పుడు కేరళ, కన్యాకుమారి బోట్లకి ఆ హెచ్చరిక అందక ఎంతమంది పోయారో నీకు తెలుసు. కాబట్టి డాటూ ఉండాలి, ట్రాన్స్‌పాండరూ ఉండాలి.

కానీ అవి మనిషి కూర్చుని మాట్లాడించాల్సినవి. మనిషికి ఆ అవకాశం పోయినప్పుడు పలికేది ఈపర్బ్. పైగా దానికి మన ఉపగ్రహం, మన తీరం అనే హద్దు లేదు. బోటు కొట్టుకుపోయి బంగ్లాదేశ్ వైపు తేలినా, అండమాన్ దాటినా, ఏ దేశం వింటే ఆ దేశం కదులుతుంది. 2018 సెప్టెంబరులో మన నేవీ కమాండర్ అభిలాష్ టోమీ గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా తెరచాప పడవ మీద వెళ్తూ తుఫానులో చిక్కుకున్నాడు. తెరచాప కొయ్యలు విరిగిపోయాయి, వెన్ను దెబ్బతింది, పడక మీద నుంచి లేవలేని స్థితి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి మూడువేల కిలోమీటర్లకి పైగా దూరం. బీకన్ మోగింది. కాన్‌బెరాలో కూర్చుని వెతుకులాట నడిపారు, మారిషస్ నుంచి మన నేవీ విమానం ఎగిరి పడవని చూసింది, సెప్టెంబరు 24న ఫ్రాన్స్ వాళ్ల చేపల కాపలా ఓడ ఓసిరిస్ వెళ్లి ఎత్తుకొచ్చింది. మూడు దేశాలవాళ్లు, మధ్యలో మంచం దిగలేని ఒక మనిషి. ఆ వార్తలు చదువుతూ మూడు రోజులు నేను రేడియో గదిలో కూర్చున్నట్టే కూర్చున్నాను.

పీఎల్‌బీ గురించి నీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. అదీ 406 మీదే పలుకుతుంది, అదే ఉపగ్రహం వింటుంది. అయితే అది మనిషికి చెందింది, బోటుకి కాదు. ఈపర్బ్ కనీసం 48 గంటలు పలకాలి, పీఎల్‌బీకి 24 గంటలే నియమం. ఈపర్బ్ నీళ్లలో నిటారుగా నిలబడుతుంది. పీఎల్‌బీని నువ్వే యాంటెన్నా విప్పి, ఆకాశం వైపు ఎత్తి పట్టుకోవాలి, చేతులు కొంకర్లు పోయినా సరే. అందుకని ఈపర్బ్ బదులు అది వద్దు. దానికి తోడుగా ఒకటి కావాలి. ఎందుకో చెప్తాను. చెక్క బోటు బోర్లాపడితే ఒక్కోసారి మునగదు, బోర్లానే తేలుతుంది. అప్పుడు కేబిన్ కప్పు రెండు మీటర్ల లోతులోనే ఆగిపోవచ్చు. బిళ్లలోని మేకు తెగనూ వచ్చు, తెగకపోనూ వచ్చు. తెగినా బీకన్ కేబిన్ కిందే ఇరుక్కోవచ్చు. నాకు తెలిసి ఆ పెట్టెకున్న బలహీనత ఇదొక్కటే. అందుకే డ్రైవరు లైఫ్ జాకెట్‌కి పీఎల్‌బీ ఒకటి కట్టి ఉంచు. జాకెట్‌కే, గూట్లో కాదు. డబ్బు చాలకపోతే అది వచ్చే ఏడాది కొందువుగాని, ఈపర్బ్ మాత్రం ఈ జూన్ 14 లోపు బిగించాలి. ఒక ట్రిప్పు డీజిల్‌కి పెట్టేదాంతో పోలిస్తే దాని ఖరీదు తక్కువ.

ఇక షాపులోని సగం ధర బీకన్. అది ఎక్కడిదని అడిగావా? గుజరాత్‌లో అలంగ్ అని ఊరుంది, పాత ఓడల్ని విరగ్గొట్టే తీరం. అక్కడ ఓడల్లోంచి తీసిన కుర్చీల నుంచి లైఫ్ జాకెట్ల దాకా రోడ్డు పక్కన అమ్ముతారు. అలాంటిదేమో చూడు. ప్రతి బీకన్‌కీ 15 అక్షరాల కోడ్ ఉంటుంది, లేబుల్ మీద రాసి ఉంటుంది. అందులోనే దేశం దాగి ఉంటుంది. మనది 419. లైబీరియా ఓడది అయితే 636. ఆ బీకన్‌ని నీ బోటు మీద బిగిస్తే, రేపు నువ్వు నీళ్లలో ఉండి పిలిస్తే ఆ పిలుపు "నేను లైబీరియా ఓడని" అని చెప్తుంది. విన్నవాళ్లు ఎప్పుడో తుక్కయిపోయిన ఓడ ఓనర్ల కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. షాపువాణ్ని అడుగు, భారత్ కోడ్‌తో కొత్తగా ప్రోగ్రాం చేసిచ్చి కాగితం ఇస్తాడా అని. ఇవ్వనంటే బయటికి వచ్చెయ్.

కొన్న రోజే చెయ్యాల్సిన పని బెంగళూరు కేంద్రంలో రిజిస్టరు చేయించడం. మనవాళ్లు ఎక్కువగా మానేసేది ఇదే. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎంతమంది, ఏ హార్బరు, ఒడ్డున ఎవరికి ఫోను చెయ్యాలి, ఇవన్నీ ఇవ్వాలి. బోటు అమ్మినా, ఫోను నంబరు మారినా మళ్లీ చెప్పాలి. ఇదెందుకు ముఖ్యమో నా కళ్లతో చూశాను. ఒకసారి మా ఓడ రేవులో కట్టి ఉండగా రంగులు వేసే కుర్రాడు నిచ్చెన తగిలించి బీకన్‌ని పెట్టెలోంచి కింద పడేశాడు, పక్కనే బకెట్టులో నీళ్లు. అది మొదలెట్టింది. మాకెవరికీ తెలియదు. గంట తిరక్కుండా కంపెనీ ఆఫీసు నుంచి కెప్టెన్‌కి ఫోను, "మీ ఓడ మునిగిందా?" అని. రిజిస్టరు చేసి ఉంది కాబట్టి ఒక్క ఫోనుతో తేలిపోయింది. లేకపోతే ఒక ఓడో విమానమో బయల్దేరేది. ఆ సమయంలో నిజంగా మునుగుతున్నవాడు ఇంకొకడు ఉంటే? నీకూ అలా పొరపాటున మోగితే భయపడి దాచకు. ఆపేసి, కోస్ట్ గార్డు నంబరు 1554కి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

టెస్టు బటన్ నెలకోసారి నొక్కు, అంతకంటే ఎక్కువ వద్దు, బ్యాటరీ తింటుంది. సరదాకి కూడా అసలు బటన్ ముట్టుకోనివ్వకు. కేబిన్ గోడ మీద చెరగని ఇంకుతో రెండు తేదీలు రాసిపెట్టు: బ్యాటరీ గడువు, బిళ్ల గడువు. బిళ్ల రెండేళ్లకోసారి మార్చాలి. అంటే ఒక నిషేధం విడిచి ఒక నిషేధం. వలలు కుట్టించే లెక్కల్లో దాన్నీ కలిపెయ్. రంగులు వేసేటప్పుడు పెట్టె మీద సంచి కప్పి ఉంచు.

కళాసీలకి చెప్పడం మర్చిపోకు. నీ బోటు మీద పనిచేసేవాళ్లలో ఇద్దరు శ్రీకాకుళం వాళ్లని అన్నావు. ఏటా గుజరాత్ తీరంలోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద నెలల తరబడి ఉండి వచ్చే కుర్రాళ్లు. ఎన్నో బోట్లు మారతారు, ఏ బోటులోనూ ఎవరూ వాళ్లకి బీకన్ చూపించి ఉండరు. మొదటి రోజే కేబిన్ పక్కన నిలబెట్టి పెట్టె చూపించు, చేత్తో ఎలా తియ్యాలో చూపించు, తాడు దేనికి కట్టుకోవాలో చూపించు. రాత్రిపూట కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా దొరకాలి. వాళ్లు రేపు వెరావల్ వెళ్లినా అక్కడి బోటులో "ఇది ఎక్కడుంది?" అని అడుగుతారు.

మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించకు. అన్నయ్య సంగతి రాశాను కదా. పెట్టె బిగించాక ఒకసారి హార్బర్‌కి తీసుకెళ్లి చూపించు, అది చాలు.

వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. కేబిన్ పైన కుడిపక్క రంగు వెయ్యకుండా అలాగే ఉంచు. నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు, ఒక రబ్బరు షీటు ముక్క తెచ్చి పెట్టు. కాగితాలూ అప్పుడే నింపుదాం. అందులో ఒడ్డున ఎవరికి ఫోను చెయ్యాలని రెండు నంబర్లు అడుగుతారు. మొదటిది నీ భార్యది రాయి. రెండోది నాది. ఈ మధ్య చెవి కాస్త మందగించింది గానీ, రాత్రిళ్లు ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను.

ఇట్లు,
మీ మావయ్య